కొట్టివేత కనపడాలి

ఒరే అబ్బాయ్, సదస్సుకి వెళ్లొచ్చావట. మెడలో ఆ రంగుపట్టీ ఇంకా తీయనేలేదు. ఓపెన్ సోర్సనీ, డిజిటల్ పాలననీ, పౌరసేవలనీ మన హనుమాన్ జంక్షన్ సెంటర్లో నన్ను నిలబెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పావు, నేను ఓపిగ్గా విన్నాను. ఇప్పుడు నేను చెప్తాను, నువ్వు విను. ముందు ఆ ఫోను జేబులో పెట్టు. మాకు సదస్సులంటే ఏమిటో తెలియదనుకుంటున్నావేమో. మా రోజుల్లోనూ ఉండేది, ఏడాదికొకటి. దాన్ని జమాబందీ అనేవాళ్లు.

జూన్ 30తో ఫసలీ అయిపోయేది. ఫసలీ అంటే నీకు తెలియదు, నీకు తెలిసిందల్లా ఏప్రిల్ నుంచి మార్చి. ఫసలీకి 590 కలుపుకుంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, గుర్తుపెట్టుకో, పాత కాగితాలు చేతికొచ్చినప్పుడు పనికొస్తుంది. ఆ ఫసలీ లెక్కలన్నీ ఎర్రగుడ్డలో మూటగట్టించుకుని కరణాలు తాలూకా కచేరీకి వచ్చేవాళ్లు. దస్త్రాలు మోసుకొచ్చిన తలార్లు చెట్టు కింద కూలబడేవాళ్లు. లోపల్నించి ఊరి పేరు పిలవగానే కరణంగారు లేచి, కండువా సర్దుకుని, అడంగల్ విప్పేవారు. ఆ ఊరి రైతులు పక్కనే నిలబడి వినేవాళ్లు. "ఆ చెక్కలో మినుము వేసింది నేనైతే వాడి పేరు చదువుతారేమిటండీ" అని ఎవరో ఒకరు అడ్డం తగిలేవాళ్లు. అప్పుడు తాసిల్దారుగారు కళ్లజోడు పైకెత్తి చూసేవారు. అంతే, ఆ లెక్క అక్కడే తేలాలి. మైకు లేదు, తెర లేదు, మధ్యలో టీ విరామం లేదు, వచ్చినవాళ్లకి సంచీ పంచడం లేదు. చదివిందంతా తెలుగులోనే, వినేవాడి పొలం గురించే. మరి నీ సదస్సులో రెండు రోజుల్లో ఒక్క రైతైనా లేచి నిలబడి "అది తప్పండీ" అన్నాడా? లేదని నువ్వే చెప్పావు.

నేను కచేరీలో లెక్కలకి నకళ్లు రాసే గుమాస్తాగా చేరినవాణ్ణి. అడంగల్ కాగితం మీద గళ్లు గీసిన వేళ్లివి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, నీటి ఆధారం, పైరు. కరణంగారు పొలం గట్ల మీద తిరిగి, పైరు కళ్లతో చూసి రాయాలి. ఆయన రాసినదాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి మళ్లీ చూడాలి. దాన్ని అజమాయిషీ అనేవాళ్లు. మా పెద్ద గుమాస్తాగారు నాకు మొదటి రోజున నేర్పింది రాయడం కాదు, తప్పు దిద్దడం. అంకె తప్పు పడిందా, బ్లేడుతో గీకకూడదు, మీద మీద రుద్దకూడదు. ఒక్క గీత మాత్రమే కొట్టాలి, అదీ కింద ఉన్న పాత అంకె చదువుకోడానికి వీలుగా. పైన ఎర్రసిరాతో సరైన అంకె వెయ్యాలి. పక్కన పొడిసంతకం, తేదీ. పాత అంకె కనపడకుండా చేస్తే ఆ కాగితం మొత్తం అనుమానం కిందే లెక్క. రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు లేఖర్లదీ ఇదే పద్ధతి. ఫలానా పేజీలో ఫలానా వరసలో ఫలానా మాట కొట్టివేత అని దస్తావేజు చివర విడిగా రాసి, దాని కింద సంతకాలు పెట్టించేవాళ్లు. యాభై ఏళ్ల తరవాత కోర్టులో ఆ కాగితం తెరిచినా, ఎవరు, ఎప్పుడు, ఏది ఏదిగా మార్చారో న్యాయమూర్తి కళ్లకి కనపడేది.

అలాగని కరణాలందరూ ధర్మరాజులని నేననను. రాత్రికి రాత్రి అనుభవదారు పేరు మార్చినవాళ్లు ఉన్నారు, పంచెకట్టు వాడికో లెక్క, గోచీవాడికో లెక్క రాసినవాళ్లు ఉన్నారు. ఊరి లెక్క ఒక ఇంటి అటక మీద ఉండటమంటే ఆ ఇంటి గుమ్మం ముందు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడటమే. 1984 జనవరిలో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కరణీకాలు, మునసబీలు తీసేసినప్పుడు ఊళ్లలో పండగ చేసుకున్నవాళ్లు వట్టినే చేసుకోలేదు. ఆ మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, మాది బాపులపాడు మండలమైంది. మా జంక్షన్ సంగతే చూడు, విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ, ఎటు పోవాలన్నా ఇక్కడే బస్సు మారాలి. రైల్వేవాళ్ల కాగితాల్లో మాత్రం మా ఊళ్లో ఉన్న స్టేషను పేరు నూజివీడు. కొత్తవాడు నూజివీడని దిగి, బయటికొచ్చి ఆంజనేయస్వామి గుడి చూసి, ఊరెక్కడండీ అని అడుగుతాడు. కాగితం మీద ఒకటి, నేల మీద ఒకటి ఉంటే మనిషి ఎంత తికమకపడతాడో మా జంక్షన్ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా నేనెక్కడున్నాను? ఆఁ, లెక్కలు.

ఆ తరవాత కంప్యూటర్లు వచ్చాయి. 1998లో రిజిస్ట్రారాఫీసుల్లో కార్డ్ అని పెట్టారు. ఆ రోజుల్లోనే బెజవాడ కార్పొరేషన్‌లో వాయిస్ అని ఇంకోటి పెట్టారు, జనన మరణ పత్రాలూ ఇంటి ప్లాన్లూ పన్నులూ కంప్యూటర్లోనే అన్నారు. నీ సదస్సులో ఎవడైనా డిజిటల్ పాలన నిన్న పుట్టిందన్నట్టు మాట్లాడితే, బెజవాడలో అది నువ్వు పుట్టకముందే ఉందని చెప్పు. అంతకుముందు రిజిస్ట్రారాఫీసులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, కావాలంటే ఇండెక్సు పుస్తకాలు ఏడాదికేడాది తిరగేయాలి, ఆ తిరగేసేవాడి చెయ్యి తడపాలి, వారం తిరగాలి. కంప్యూటరొచ్చాక టీ తాగొచ్చేసరికి కాగితం చేతికొచ్చింది. బాగుంది, బాగాలేదని నేనెందుకంటాను. 2011లో మీసేవ వచ్చింది, 2015లో పొలం లెక్కలు తెర మీద చూపే మీభూమి వచ్చింది, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలొచ్చాయి. మనవరాలి కాలేజీకి కావలసిన కుల ధ్రువపత్రం కోసం మా కాలంలోలా నాలుగు చెప్పుల జతలు అరగదీయనక్కర్లేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిదొకటుంది. లెక్క ఎప్పుడైతే తెర మీదికెక్కిందో, కొట్టివేత కనపడకుండా పోయింది.

నాకు తెలిసిన ఒకాయనకి, ఏ మండలమో చెప్పను, పాసుపుస్తకంలో ఎకరం పది సెంట్లుంటే తెర మీద తొంభై సెంట్లు కనపడింది. ఆ ఇరవై సెంట్లు ఏమయ్యాయండీ అంటే, సిస్టంలో అంతే ఉంది అన్నారు. ఎవరు మార్చారు? సిస్టం. ఎప్పుడు? తెలియదు. ముందు ఎంతుంది? చూపించదు. ఆయన సంచీలో నకళ్లు పెట్టుకుని తిరుగుతూనే ఉన్నాడు. మా రోజుల్లో ఆ ఇరవై సెంట్లు కొట్టేసినవాడి పొడిసంతకం ఆ గీత పక్కనే ఉండేది, వెళ్లి వాడి గుమ్మంలో కూర్చునేవాళ్లం. తెరకి గుమ్మం లేదు.

ఇప్పుడు నీ ఓపెన్ సోర్సు దగ్గరికొస్తాను. నువ్వేదో నాకు కొత్తగా చెప్తున్నాననుకున్నావు గానీ, 2014 ఫిబ్రవరిలో బెజవాడ కె.బి.ఎన్. కాలేజీలో తెలుగు వికీపీడియా పదేళ్ల పండగ రెండు రోజులు జరిగితే వెళ్లి వెనక వరసలో కూర్చున్నవాణ్ణి నేను. అప్పుడు నువ్వు నిక్కరేసుకుని బడికి పోతున్నావు. నాగార్జున వెన్న అనే ఆయన 2003 డిసెంబరులో మొదలుపెట్టాడట ఆ తెలుగు వికీని. అక్కడ ఒక కుర్రాడు ఒక పేజీ తీసి, పైన చరిత్ర అని ఉన్నచోట నొక్కాడు. ఒరే, నా గుండె ఝల్లుమంది. ఆ పేజీలో మొదటి అక్షరం పడ్డ రోజు నుంచి ఎవరు ఏ మార్పు చేశారో, ఏ తేదీన, ఎన్ని గంటలకు చేశారో మొత్తం వరసగా ఉంది. ఏదైనా రెండు వరసలు పట్టుకుని పక్కపక్కన పెట్టి చూస్తే పాతది ఎడమ వైపు, కొత్తది కుడి వైపు. దిద్దినవాడు ఎందుకు దిద్దాడో రాయడానికి దిద్దుబాటు సారాంశమని ఒక గడి. మా పెద్ద గుమాస్తాగారు ఎర్రసిరా కలం పట్టుకుని ఆ యంత్రంలో కూర్చున్నట్టే ఉంది. అది నడిపేది మీడియావికీ అని ఒక సాఫ్ట్‌వేరట, ఏ కంపెనీ సొత్తూ కాదట, దాని కోడ్ ఎవరైనా చదవచ్చట, ఎవరైనా బాగుచెయ్యచ్చట, డబ్బు కట్టకుండా తెచ్చి పెట్టుకోవచ్చట. అక్కడికొచ్చిన వాళ్లలో తల నెరిసినవాళ్లూ ఉన్నారు. రోజంతా కూర్చుని తమ ఊరి గురించి టైపు చేసేవాళ్లూ ఉన్నారు. ఎవడూ జీతానికి చెయ్యటం లేదు. మన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు విజ్ఞాన సర్వస్వం కోసం ఆయుష్షు ధారపోశారు, ఆయన పేరుతో వీళ్లకి పురస్కారాలిచ్చారు. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను.

ఆ తరవాత ఆ వికీవాళ్లే 2011 జనాభా లెక్కల్లోని వివరాలు తెచ్చి ఊరూరి పేజీలో పెట్టారు. మీ ఊళ్లో జనాభా ఎంత, బడి ఎంత దూరం, సాగునీరు ఎక్కణ్ణించి, అన్నీ తెలుగులో. అవి సర్కారు లెక్కలే. సర్కారు దగ్గర ఇంగ్లీషు పట్టికల్లో పడి ఉన్నవాటిని జనం తెచ్చి జనం చదివే చోట పెట్టారు. చూశావా, ప్రభుత్వ డిజిటల్ పాలన అంటే నాకు అర్థమైనది అదీ.

కచేరీల్లో జరిగిందేమిటి? తెలుగు టైపు చెయ్యమంటే ఒక్కో ఆఫీసులో ఒక్కో ఫాంటు. ఇక్కడ కొట్టింది అక్కడ తెరిస్తే పురుగులు పారినట్టు కనపడేది. యూనికోడ్ వచ్చింది కాబట్టి సరిపోయింది, పాత ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి కూడా ఆ నాగార్జునగారే పద్మ అని ఒకటి రాసి అందరికీ ఊరికే ఇచ్చాడు. ఊరికే ఇచ్చేవాడు ఒకడుంటే, దాన్ని వాడుకోడానికి బద్ధకించే ఆఫీసులు వంద. ఇప్పటికీ తెలుగు ఉత్తర్వు కాగితం మీద అచ్చుకొట్టి, సంతకం పెట్టి, దాన్ని మళ్లీ ఫొటో తీసి పెడతారు. అందులో ఒక్క మాట వెతకాలంటే పేజీలన్నీ కళ్లతో చదవాల్సిందే. కంప్యూటర్లో పెట్టి కాగితం కన్నా కష్టం చేశారంటే నాకు ఒళ్లు మండదా?

పైగా ఆ ఉత్తర్వులు పెట్టే సైటు ఉండటం ఉండకపోవటం కూడా ఎవరిష్టం? 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలు ఆ సైటులో పెట్టడం ఆపేశారు. 2024లో మళ్లీ పెట్టడం మొదలెట్టారు. ఏ పార్టీ చేసిందని కాదు నా గోల. మీట నొక్కితే మూతపడే తలుపు తలుపే కాదు. దస్త్రం ఎర్రగుడ్డలో ఉన్నప్పుడు కనీసం మూట విప్పమని దబాయించడానికి ఒక మనిషుండేవాడు.

నీ ఓపెన్ సోర్సు గురించి ఢిల్లీవాళ్లు 2015లోనే విధానం రాసిపెట్టారు. సర్కారు ఆఫీసులు ఏ సాఫ్ట్‌వేరు తీసుకున్నా కోడ్ తెరిచి ఉన్నదానికే మొదటి పీట వెయ్యాలి, కాదంటే ఎందుకు కాదో కారణం రాయాలి అన్నారు. సర్కారు సొమ్ముతో రాయించిన కోడ్‌ని మిగతావాళ్లకి తెరిచి పెట్టాలని అదే ఏడు ఇంకో విధానం. మన రాష్ట్రంలోనూ జరిగిన మంచి పని ఒకటుంది. బెంగళూరు ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ వాళ్ల తెరిచిన కోడ్‌తో మన 110 పట్టణాల పురపాలక సంఘాల పన్నులు, నీటి కుళాయిలు, ఫిర్యాదులు అన్నీ ఒకే పద్ధతిలోకి తెచ్చారు. కరోనా రోజుల్లో ఆరోగ్యసేతు యాప్ గురించి జనం గుచ్చి గుచ్చి అడిగితే 2020 మేలో దాని కోడ్ కూడా బయటపెట్టారు. అంటే చెయ్యలేక కాదు. అడిగితే చేస్తారు, అడక్కపోతే మర్చిపోతారు. జర్మనీలో మ్యూనిక్ అని ఒక పట్నం ఉంది, 2003లోనే కార్పొరేషన్ ఆఫీసులన్నీ తెరిచిన కోడ్‌తో నడిచే లినక్స్‌కి మార్చాలని తీర్మానించి, వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపే వెళ్తామన్నారు. కాబట్టి ఒకసారి గెలిచాం కదా అని కూర్చుంటే కుదరదు. ఈ మాట నీ సదస్సులో ఎవరైనా చెప్పారా?

కోడ్ ఎందుకు తెరిచి ఉండాలో మీ పెద్దలు పెద్ద పెద్ద మాటల్లో చెప్తారు. మాకు తెలిసినది ఒకటే. కళ్లంలో కొలత అందరి ముందూ జరగాలి. కొలిచేవాడు చాటుకి పోయి కొలిచి, "ఇరవై బస్తాలొచ్చాయి, నమ్ము" అంటే ఏ రైతూ ఒప్పుకోడు, అన్నదమ్ముల మధ్య కూడా ఒప్పుకోడు. ఇప్పుడు పింఛను ఎవరికి రావాలో, ఎవరిది ఆగాలో యంత్రమే లెక్కగట్టి చెప్తోంది. కరెంటు మూడొందల యూనిట్లు దాటిందని ఒకడికి ఆగుతుంది, ఎవరి పేరునో కారుందని ఇంకొకడికి ఆగుతుంది. ఆ కారు వాడిది కాదని తేలేలోపు మూడు నెలలు పోతాయి. ఏ నియమం ప్రకారం ఆగిందో, ఆ నియమాన్ని యంత్రం సరిగ్గానే పాటించిందో లేదో చూడాలంటే ఆ కొలత బయట జరగాలి కదా. రైతు కోడ్ చదవగలడా అంటావు. చదవలేడు. నువ్వు చదవగలవు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో 2008 నుంచి ఏటా వందలమంది పల్లెటూరి పిల్లలు దిగుతున్నారు, కొందరు కేసరపల్లి హెచ్.సి.ఎల్.లో చేరి అమెరికావాళ్లకి కోడ్ రాస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు వాళ్ల నాన్న పేరు ఎందుకు ఎగిరిపోయిందో చూడ్డానికైనా ఆ కోడ్ అందుబాటులో ఉండాలా వద్దా?

2025 జనవరి 30న మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలు పెట్టారు. మా వీధిలో అందరూ చంకలు గుద్దుకున్నారు. ఇల్లు కదలకుండా పని జరిగితే సంతోషమే, నా మోకాళ్లకీ సంతోషమే. అయినా ఒక మాట. తాసిల్దారుకి నేను పెట్టుకునే అర్జీ అమెరికా కంపెనీ వాకిట్లోంచి ఎందుకు పోవాలి? రేపు ఆ కంపెనీ వాకిలి మూసేస్తేనో, రుసుము పెంచేస్తేనో? మన వాకిలి మనం కట్టుకోలేమా? ఇన్ని కాలేజీలున్నాయి, ఇంతమంది ఇంజనీర్లున్నారు. వాట్సాప్ ఉంటే ఉండనీ, పక్కన మనదంటూ తెరిచిన కోడ్‌తో ఒక దారి కూడా ఉండాలి. ముసలాడి చాదస్తం అంటావు. అనుకో. మా పెద్ద గుమాస్తాగారిని కూడా అందరూ చాదస్తుడనే అన్నారు, ఆయన దిద్దించిన లెక్కలే కోర్టులో నిలబడ్డాయి.

2025 సెప్టెంబరులో విశాఖపట్నంలో 28వ జాతీయ ఈ-గవర్నెన్స్ సదస్సు జరిగింది. దేశం నలుమూలల నుంచీ అధికారులొచ్చారు. మంచిదే, సముద్రం గాలి తగిలితే బుర్ర పనిచేస్తుంది. కానీ ఈసారి నువ్వూ నీ స్నేహితులూ సదస్సు పెట్టుకుంటే మన హనుమాన్ జంక్షన్‌లో పెట్టండి. కల్యాణ మంటపాలు ముహూర్తాల్లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోవచ్చు, ఏ దిక్కునుంచైనా. బాపులపాడు నుంచీ, ఉంగుటూరు నుంచీ, గన్నవరం నుంచీ రైతుల్ని పిలవండి, వాళ్ల పాసుపుస్తకాలు తెచ్చుకోమనండి. సచివాలయాల్లో పనిచేసే డిజిటల్ అసిస్టెంట్లని పిలవండి, పాపం ఆ పిల్లలకే తిట్లన్నీ తగులుతున్నాయి, ఆ తెర ఎక్కడ మొరాయిస్తుందో వాళ్లకి తెలిసినట్టు ఢిల్లీలో ఎవరికీ తెలియదు. నా బోటి పాత గుమాస్తాలు బతికున్నవాళ్లు నలుగురైదుగురుంటారు, మమ్మల్నీ కూర్చోబెట్టండి. ఒక్కో ఊరి అడంగల్ తెర మీద వెయ్యండి, తెలుగులో చదవండి, రైతు "అది తప్పండీ" అంటే అక్కడే రాసుకోండి.

రాసుకున్నది పట్టుకెళ్లి సర్కారుకివ్వండి. ఎక్కువేం అడగొద్దు. ప్రతి సర్వే నంబరు కిందా వికీలో ఉన్నట్టు ఒక చరిత్ర పేజీ పెట్టమనండి. ముందు ఎంతుంది, ఇప్పుడు ఎంతుంది, ఏ తేదీన, ఏ అధికారి, ఏ అర్జీ మీద మార్చాడు. పట్టాదారు దగ్గర డబ్బు తీసుకోకుండా చూపించమనండి. ఆ సాఫ్ట్‌వేరు కోడ్ తెరిచి పెట్టమనండి, 2015 విధానం కాగితం ముందు పెట్టి అడగండి. మీకు చదువుంది, ఇంగ్లీషుంది, వయసుంది. మాకు ఇవేవీ లేని రోజుల్లోనే కచేరీలో అడగటం వచ్చేది. మీరెందుకు అడగరు? అర్జీ తెలుగులో కావాలంటే నా దగ్గరికి రా, నేను రాసిపెడతాను.